తందాన అనేవాళ్ళే చాలరు

పాటతో పేరు తెచ్చుకోవాలనుకునే మా పడమటి ప్రకాశం పిల్లలకు ఒక పెద్దవాడి అనుభవ పాఠాలు

మా మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు ఇప్పుడు ర్యాప్ కట్టే పిల్లలు బాగానే తయారయ్యారు. ఎండిన బోరు మీద, ట్యాంకరు నీళ్ళ మీద, వెలిగొండ సొరంగం మీద, హైదరాబాదుకో బెంగుళూరుకో వలసపోయి తాళం పడిన ఇంటి మీద తామే రాసుకుంటారు, తామే పాడుకుంటారు. గదిలో గొంతు గింగురుమనకుండా నెత్తిన మందపాటి దుప్పటి కప్పుకుని, చెమటలు కారుతున్నా ఫోన్‌లో రికార్డు చేసుకుంటారు. నేను బడిలో తెలుగు చెప్పి, రాత్రుళ్ళు పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి. అందుకని లయ కోసమో, మాట కోసమో నా దగ్గరికి వస్తుంటారు. ఏది అడగడానికి వచ్చినా చివరికి తేలే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, జనానికి నచ్చేట్టు చేయాలా, మాకు నచ్చేట్టు చేయాలా?"

ఈ ప్రశ్నకు నేను విన్నవాటిలో గట్టి జవాబు ఒక ఆల్బమ్. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి చెందిన ద రూట్స్ అనే బృందం 1999 ఫిబ్రవరి 23న విడుదల చేసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' అది. మా మనవడు పెట్టి వినిపించాడు. వాళ్ళ యాస నా చెవికి వెంటనే పట్టుబడలేదు. మాటలు కాగితం మీద రాయించుకుని, వేలు పెట్టి చదువుకుంటూ విన్నాను. డ్రమ్స్ వాయించే క్వెస్ట్‌లవ్, పాడే బ్లాక్ థాట్ స్కూల్లో స్నేహితులై 1987లో మొదలుపెట్టిన బృందం అది. పాత రికార్డుల ముక్కలు తీసుకుని వాటి మీద ర్యాప్ చెప్పడమే ఆనవాయితీగా ఉన్న కాలంలో వాళ్ళు డ్రమ్స్, బేస్ గిటార్, కీబోర్డు పట్టుకుని వేదిక మీద వాయించారు. మొదటి మూడు ఆల్బమ్‌లకు తెలిసినవాళ్ళ మెప్పు దక్కింది గాని పెద్దగా అమ్ముడుపోలేదు. నాలుగోదైన దీనికి అమ్మకాలు వచ్చాయి, ఇందులోని పాటకు గ్రామీ వచ్చింది. అంత పేరు వచ్చినా పాట చెడలేదు. అదెలా కుదిరిందో మన రంగస్థలం పక్కన పెట్టి చూసుకుంటే కొన్ని సంగతులు తేటపడ్డాయి. వాటినే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

1. తగువును దాచకండి, ముందే పెట్టండి

ఆ ఆల్బమ్ పాటతో మొదలు కాదు, ఒక తగువుతో మొదలవుతుంది. స్పైక్ లీ తీసిన 'మో బెటర్ బ్లూస్' అనే 1990 నాటి సినిమాలోని సంభాషణ అది. బాకా వాయించే నాయకుడు, మన సంగీతం వినడానికి మనవాళ్ళే రావడం లేదని వాపోతాడు. పక్కనే శాక్సఫోన్ వాయించేవాడు ఊరుకోడు. వాళ్ళకు నచ్చేది నువ్వు వాయిస్తే వాళ్ళే వస్తారని ఎదురు తిరుగుతాడు. అమ్మకాలు లేని బృందం తన మీద పడే నిందనే తెచ్చి ఆల్బమ్ గుమ్మంలో నిలబెట్టింది.

ఇదే తగువు మన మేకప్ గదుల్లో నేను ఎన్నో ఏళ్ళు విన్నాను. నాటకం అయిపోయి, రంగు తుడుచుకుంటూ, "జనానికి రుచి లేదురా" అనేవాడొకడు, "నీకు జనమంటే తెలీదు" అనేవాడొకడు. ఇద్దరి మాటలోనూ సగం సత్యం ఉంది. మొదటివాడి దారిలోనే పోతే పాట అటకెక్కుతుంది, రెండోవాడి దారిలోనే పోతే పాట అంగట్లో సరుకవుతుంది. కాబట్టి రాయడానికి కూర్చునే ముందే ఈ తగువు మీలో మీరు పడండి. ఎవరికోసం పాడుతున్నారో, వాళ్ళు రాకపోతే ఏం చేస్తారో నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకోండి. జవాబు దొరక్కపోయినా ఫరవాలేదు. ప్రశ్న ఎదురుగా ఉంటే చాలు, రాసే ప్రతి చరణం దానికి జవాబు చెప్పుకుంటూ పోతుంది.

2. వన్స్ మోర్ వేరు, కథ వేరు

మన తిరునాళ్ళ నాటకాల్లో రాయబారం సీను రాత్రి ఏ రెండింటికో వస్తుంది. కృష్ణ వేషధారి పద్యం ఎత్తుకుని చివర రాగం తీస్తాడు. హార్మోనియం మీద నా వేళ్ళు అతని గొంతు వెంట పోతాయి. కింద నుంచి "వన్స్ మోర్" అని కేకలు. ఎవరో స్టేజీ ఎక్కి చొక్కాకు నోటు గుచ్చుతారు. మళ్ళీ అదే పద్యం, ఇంకా పొడుగు రాగం. ఎదురుగా సింహాసనం మీద కూర్చున్న దుర్యోధనుడు ఏం చేయాలో తెలియక కిరీటం సర్దుకుంటూ ఉంటాడు. రాయబారం ఆగిపోయింది, యుద్ధం ఆగిపోయింది, గొంతు ఒక్కటే మిగిలింది.

ఆ కేకను నేను తక్కువ చేయను. మూడు మైళ్ళు నడిచి వచ్చి, చాప పరుచుకుని, నిద్ర ఆపుకుని కూర్చున్న మనిషి గుండెలోంచి వచ్చిన కేక అది. కానీ పీసపాటి నరసింహమూర్తి లాంటి మహానటులు రాగం కోసం పద్యం పాడలేదు. మాట మాటా విడమర్చి, ఎదుటి పాత్రకు చెబుతున్నట్టు పాడి, అదే జనం చేత ఆహా అనిపించుకున్నారు. జనం కోరింది ఇస్తూనే కథను నడిపించడం వాళ్ళు సాధించిన విద్య.

రూట్స్ ఆల్బమ్‌లో జనం ఎగబడిన పాట 'యూ గాట్ మీ'. ఇంకొకరైతే దాన్ని మొదటి పాటగా పెట్టేవాళ్ళు. వీళ్ళు దాదాపు చివర్లో పెట్టారు. దాని కోసం వచ్చినవాడు ముందున్న పాటల దారి నడిచి రావాలి. ఊరు, స్నేహం, హిప్ హాప్ మీద ప్రేమ, మాటల పోటీ ఇవన్నీ దాటుకుని ఆ ప్రేమపాట దగ్గరికి చేరేసరికి అది ఇంకా బాగుంటుంది. మీ దగ్గర పదిమంది పాడుకునే చరణం ఒకటుంటే దాన్ని తక్కువగా చూడకండి. దాన్ని ఎక్కడ పెడితే మిగతా పాటలు బతుకుతాయో చూసి అక్కడ పెట్టండి.

3. ఏది ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో ముందే తేల్చుకోండి

ఆ 'యూ గాట్ మీ' పల్లవి రాసింది జిల్ స్కాట్. అప్పటికి ఆమె ఫిలడెల్ఫియాలో కవిత్వం చదివి వినిపించే అమ్మాయి, బయట ఎవరికీ తెలియదు. మొదట ఆమె గొంతుతోనే రికార్డు చేశారు. రికార్డు కంపెనీ ఒప్పుకోలేదు, పేరున్న గొంతు కావాలంది. అప్పటికే పెద్ద గాయని అయిన ఎరికా బాదు వచ్చి పాడింది. పాట హిట్టయింది. 2000లో గ్రామీ తెచ్చింది ఆ పాటే.

ఇది లొంగిపోవడమా? నేను చాలా ఆలోచించాను. గొంతు విషయంలో కంపెనీ మాట విన్నారు, నిజమే. కానీ పల్లవి ఆమెదేనన్న సంగతి మరుగుపడనివ్వలేదు. వేదిక మీద ఆ పాట పాడడానికి ఆమెనే పిలిచారు. 1999 చివర వచ్చిన కచేరీ ఆల్బమ్‌లో ఆ పాటకు ఉన్నది జిల్ స్కాట్ గొంతే. మరుసటి ఏడాది ఆమె సొంత ఆల్బమ్ వచ్చింది, తనంత తాను పెద్ద గాయని అయింది. బేరంలో ఒక మెట్టు దిగినవాళ్ళు మనిషి రుణం మాత్రం ఉంచుకోలేదు.

మన నాటకాల ఒప్పందాల్లో కూడా ఇదే చూశాను. ఊరివాళ్ళు సీన్లు తగ్గించమంటే తగ్గించేవాళ్ళం, లైట్లు మార్చమంటే మార్చేవాళ్ళం, కుర్రాళ్ళ కోసం మధ్యలో ఒక పాట పెట్టమంటే పెట్టేవాళ్ళం. మీరూ అంతే చేయండి. పాట నిడివి, వీడియోలో బట్టలు, ఎవరు ముందు పాడాలి, ఏ వేదిక మీద పాడాలి, ఇవన్నీ బేరమాడుకునే సంగతులు. బేరం పెట్టకూడనివి మూడు. రాసినవాడి పేరు తీసేయడం ఒకటి. ఏ కులాన్నో, ఏ ఆడమనిషినో కించపరిచే మాట నవ్వుల కోసం చేర్చడం రెండోది. మీ కళ్ళతో మీరు చూసినదాన్ని చూడలేదన్నట్టు రాయడం మూడోది. డబ్బు చేతిలో పడ్డాక ఈ గీత గీయడం ఎవరి వల్లా కాదు. డబ్బు రాకముందే గీసుకోండి.

4. ఆగు అనేవాళ్ళను పక్కన పెట్టుకోండి

అన్నింటిలోకీ నాకు ముఖ్యమైన పాఠం ఇది. బుర్రకథ చూడండి. నడుమ తంబురా పట్టి, వేలికి అందెలు పెట్టుకుని కథకుడు. రెండు పక్కలా డక్కీలు పట్టిన వంతలు. వాళ్ళు తందాన తాన అంటారని అందరికీ తెలుసు. వాళ్ళు చేసే అసలు పని వేరే ఉంది. కథకుడు వీరరసంలో ఎగిరిపోతుంటే హాస్యగాడు అడ్డుపడి, ఊళ్ళో మనిషికి అర్థం కాని మాటను అర్థమయ్యేట్టు దించుతాడు. రాజకీయం చెప్పే వంత అడ్డుపడి, ఆ రాజుల కాలం కథకు నేటి బతుకుతో లంకె ఏమిటో అడుగుతాడు. కథకుడు ఆగాలి, జవాబు చెప్పాలి, అప్పుడే ముందుకు పోవాలి. జనం ముందే, ప్రతి పది నిమిషాలకూ ఒకసారి కథకుణ్ణి నిలదీసే ఏర్పాటు ఆ కళలోనే ఉంది.

బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ఇంట పుట్టాడు. సంగీతం నేర్చాడు, ప్రజానాట్యమండలిలో చేరాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతో ఆంధ్రదేశం నాలుగు చెరగులా తిరిగాడు. సినిమా ఆయన దగ్గరికి వచ్చింది. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు'లో ఆయన చెప్పిన అల్లూరి కథ సినిమాహాళ్ళలో మోగిపోయింది. అయినా ఆయన సినిమాకే అతుక్కుపోలేదు. స్టేజీ మీద కథ చెబుతూనే ఉన్నాడు, శిష్యులకు నేర్పుతూనే ఉన్నాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశాడు. అంత పేరున్న మనిషి కూడా ఇద్దరు వంతల మధ్యే నిలబడ్డాడు. అక్కడ నిలబడినవాడికి నేల మరిచిపోవడం కుదరదు.

రూట్స్‌కూ అలాంటి ఏర్పాటే ఉంది. ఈ ఆల్బమ్ తయారవుతున్న రోజుల్లో ఫిలడెల్ఫియాలోని క్వెస్ట్‌లవ్ ఇంట్లో పాటల కూటాలు జరిగేవి. పేరున్నవాళ్ళు, పేరు లేనివాళ్ళు ఒకే గదిలో పాడేవాళ్ళు. జిల్ స్కాట్ అలా వచ్చినదే. అటు న్యూయార్కులో, జిమీ హెండ్రిక్స్ కట్టించిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో డి ఆంజెలో, కామన్, ఎరికా బాదు, జె డిల్లా లాంటివాళ్ళు దాదాపు అదే కాలంలో తమ తమ ఆల్బమ్‌లు చేసుకుంటూ ఒకరి పాటలో ఒకరు చేయి వేసేవాళ్ళు. పక్క గదిలో అంత గట్టివాడు పని చేస్తుంటే ఇటు గదిలోవాడు నాసిరకం చరణం రాసి సరిపెట్టుకోగలడా?

మీ ఫోన్‌లో గుండె గుర్తులు పెట్టేవాళ్ళు వందలమంది ఉంటారు. వాళ్ళు ఉండాలి, ఉత్సాహం ఇస్తారు. వాళ్ళతో పాటు, "ఈ లైను నీది కాదురా, ఎక్కడో విన్నా" అని మొహం మీద చెప్పేవాళ్ళు ఇద్దరు కావాలి. ఒకరు పాట తెలిసినవాళ్ళు, ఒకరు ఊరు తెలిసినవాళ్ళు. వాళ్ళు ఒప్పుకునేదాకా పాట బయట పెట్టనని మాటివ్వండి. నిజాయితీ అనేది ఒంటరిగా ఒట్టు వేసుకుంటే నిలవదు. దాన్ని బృందం కాపాడుతుంది.

5. మీ యాసను దాని పొర వెంటే చీల్చండి

మార్కాపురం పలక తెలియని తెలుగు బడి ఒకప్పుడు లేదు. గనిలోంచి వచ్చిన బండను ఉలి పెట్టి పొర వెంట చీలుస్తారు. చెయ్యి తెలిసినవాడు కొడితే పలక పలకగా విడిపోతుంది. పొర చూడకుండా అడ్డంగా కొడితే పెంకులు మిగులుతాయి. మాటకు కూడా అలాంటి పొర ఉంది.

మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న ప్రాంతాలు. అందుకే మన నోట్లో సీమ మాట, కోస్తా మాట కలిసి ఉంటాయి. "యాడికి పోతాండావు" అని అవ్వ అడుగుతుంది, అదే ఇంట్లో మనవరాలు ఒంగోలు కాలేజీ మాట మాట్లాడుతుంది. ఈ రెండూ మీవే. వీటిని వదిలేసి సినిమాలో విన్న హైదరాబాదు మాటలోనో, అమెరికా పాటల్లోని బూతులోనో రాస్తే అది మీ నోట నిలవదు, వినేవాడి చెవిలోనూ నిలవదు.

రాహుల్ సిప్లిగంజ్‌ను చూడండి. హైదరాబాదు గల్లీ మాటనే పాటగా చేసుకుని సొంతంగా వీడియోలు చేశాడు. 2019లో బిగ్ బాస్ గెలిచాడు, 2023లో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడాడు. ఆ వేదిక దాకా పోయింది ఊరి వాసన ఉన్న తెలుగు పాటే. రూట్స్‌వాళ్ళు కూడా 1996లో తెచ్చిన ఆల్బమ్ పేరులోనే తమ ఊరిని పెట్టుకున్నారు. ఫిలడెల్ఫియా వీధుల్లో బకెట్లు వాయిస్తూ మొదలైనవాళ్ళు ఆ వీధుల మాటను ఏ కంపెనీ గదిలోనూ మార్చుకోలేదు.

6. ఇంకొకరిని ఎగతాళి చేసి నిజాయితీ సంపాదించలేరు

1996 ఆల్బమ్‌లోని 'వాట్ దే డూ' అనే పాటకు రూట్స్ ఒక వీడియో చేసింది. కార్లు, బంగళాలు, అమ్మాయిలు, షాంపేన్ సీసాలు చూపించే ర్యాప్ వీడియోలను అందులో వెక్కిరించింది. అవన్నీ అద్దెకు తెచ్చినవేనని కింద అక్షరాలు వేసి మరీ చూపించింది. చాలామంది చప్పట్లు కొట్టారు. కానీ ఆ రోజుల్లో మేటి ర్యాపర్ అయిన నొటోరియస్ బి.ఐ.జి. ఆ వీడియో చూసి నొచ్చుకున్నాడని, అతను తమను మెచ్చుకున్న మనిషని క్వెస్ట్‌లవ్ తర్వాత చెప్పుకున్నాడు.

'థింగ్స్ ఫాల్ అపార్ట్'కు వచ్చేసరికి ఆ చూపు మారింది. వెక్కిరింపు స్థానంలో ప్రేమ వచ్చింది. కామన్‌తో కలిసి చేసిన 'యాక్ట్ టూ' పాట హిప్ హాప్‌ను జీవితకాలపు ప్రేమగా చెబుతుంది. నా లెక్కలో అదే ఆల్బమ్‌కు గుండెకాయ. మీ పోరాటం బోలు పాట మీద ఉండాలి, పాడేవాడి మీద ఉండకూడదు. జాతరలో రికార్డింగ్ డ్యాన్స్ ఆడేవాళ్ళు, పెళ్ళి బ్యాండులో సినిమాపాట వాయించేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగడానికి ఆ పని చేస్తున్నారు. వాళ్ళలో చాలామందికి మీకన్నా లయ బాగా తెలుసు. వాళ్ళ దగ్గర నేర్చుకోండి.

7. కాగితం చదవకుండా సంతకం పెట్టకండి

నిజాయితీ అంటే పాటలోని మాట ఒక్కటే అనుకుంటారు పిల్లలు. పాట ఎవరి చేతిలో ఉందన్నది కూడా అందులో భాగమే. డి లా సోల్ అనే న్యూయార్కు బృందం 1989లో 'త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్'తో పేరు తెచ్చుకుంది. పూలు, రంగులు చూసి జనం వాళ్ళ మీద హిప్పీలన్న ముద్ర వేశారు. ఆ ముద్ర నచ్చక, 1991లో తామే చచ్చిపోయామని పేరు పెట్టి రెండో ఆల్బమ్ తెచ్చారు. అట్ట మీద పగిలి పడిపోయిన పూలకుండీ బొమ్మ వేశారు. పేరుకు తలవంచని గట్టి ధైర్యం అది.

అంత ధైర్యమున్న వాళ్ళను కాగితం ఓడించింది. వాళ్ళ పాటల నిండా పాత రికార్డుల ముక్కలు. వాటికి అప్పట్లో తీసుకున్న అనుమతులు క్యాసెట్ల కాలానికి చేసుకున్నవి. ఇంటర్నెట్‌లో పాటలు వినే కాలం వచ్చాక ఆ హక్కులు తేలక, కంపెనీతో పొత్తు కుదరక, ఆ తొలి ఆల్బమ్‌లు ఏళ్ళ తరబడి శ్రోతకు అందకుండా పోయాయి. చివరికి 2023 మార్చి 3న అందుబాటులోకి వచ్చాయి. ముగ్గురిలో ఒకడైన ట్రుగోయ్ అంతకు మూడు వారాల ముందే చనిపోయాడు. ఒక తరం పిల్లలు ఆ పాటలు వినకుండానే పెద్దవాళ్ళయ్యారు.

మన దగ్గర కూడా జానపదం పాడిన ఆడపిల్లకు కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి, పాట మొత్తం రాయించుకున్న సంగతులు నాకు తెలుసు. పాట లక్షల మంది విన్నారు, పాడినమ్మాయి పేరు ఎక్కడా లేదు. అందుకని అడగాల్సినవి ముందే అడగండి. రాసినవారి పేరు వేస్తారా? హక్కు ఎంతకాలం? సినిమాకు అమ్మితే మీ వాటా ఎంత? ఇంకొక చోట పాడుకునే స్వేచ్ఛ మీకుందా? అర్థం కాకపోతే గడువు అడిగి, తెలిసిన వకీలుకు చూపించండి. గడువు ఇవ్వనివాడి దగ్గర సంతకం పెట్టకండి.

8. కూటికి ఇంకో దారి ఉంటే పాట నిటారుగా నిలబడుతుంది

2009 మార్చిలో రూట్స్ టెలివిజన్ ఉద్యోగంలో చేరింది. జిమ్మీ ఫాలన్ అనే వ్యాఖ్యాత రాత్రి కార్యక్రమంలో వాయిద్య బృందం పని అది. 2014లో అదే వ్యాఖ్యాతతో పాటు ఇంకా పెద్ద కార్యక్రమానికి మారింది. అంతటి బృందం నెల జీతానికి టీవీలో వాయించడమేమిటని బాధపడిన అభిమానులు ఉన్నారు. జరిగింది చూడండి. 2010లో 'హౌ ఐ గాట్ ఓవర్', 2011లో 'అన్‌డన్' వచ్చాయి. ఈ రెండోది ఒక పేద కుర్రవాడి బతుకును చావు నుంచి వెనక్కు చెప్పుకుంటూ పోయే ఆల్బమ్. రేడియోలో మోగాలన్న ఆలోచనే లేని పని. జీతం ఒక పక్క నిలబడింది కాబట్టి పాట ఇంకొకరి ముందు చేయి చాచలేదు.

మా నాటక బృందాల్లో ధర్మరాజు వేషం వేసే ఆయన దర్జీ. నక్షత్రకుడు పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నేను బడిపంతుల్ని. పగలు పని, రాత్రి రిహార్సలు, కోతలయ్యాక నాటకాలు. ఉద్యోగం ఉండబట్టే, నచ్చని నాటకం వద్దని చెప్పగలిగేవాళ్ళం. కాబట్టి డిగ్రీ మధ్యలో మానేసి, సినిమా అవకాశాల కోసం బస్సెక్కి హైదరాబాదు కృష్ణానగర్ పోతానని ఏ పిల్లవాడన్నా అంటే నేను ఒప్పుకోను. చదువు పూర్తి చెయ్యి, ఒక పని చేతపట్టు, పాటను వదలకు. అమ్మానాన్నల నెత్తిన అప్పు పెట్టి తెచ్చుకున్న పేరుకు వడ్డీ ఎక్కువ.

9. పేరు వచ్చాక చోటు ఇవ్వండి, దారి మార్చండి

రూట్స్‌కు ఇంత పేరు తెచ్చిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్'లో చివరి మాట ఎవరికిచ్చారో తెలుసా? అర్సులా రకర్ అనే కవయిత్రికి. అంతకు ముందు రెండు ఆల్బమ్‌లకూ చివర ఆమె కవితే ఉంది. అమ్మకాలు కావాలన్న ఒత్తిడి ఉన్న ఈసారి కూడా ఆ చోటు తీసేయలేదు. తాగి కొట్టే తండ్రి, నలిగిన తల్లి, ఆ ఇంట్లో పెరిగి చెడిన కొడుకు గురించి ఆమె చదువుతుంది. ప్రేమపాటకు చప్పట్లు కొట్టిన శ్రోత ఆ కవిత కూడా విని లేవాలి. పేరు వచ్చినవాడు చేయగలిగిన గొప్ప పని ఇదేనని నా నమ్మకం. తన కోసం వచ్చిన జనాన్ని, జనం పిలవని మనిషి మాట వినేట్టు చేయడం.

తర్వాత 2002లో వచ్చిన 'ఫ్రెనాలజీ'లో వాళ్ళు గెలిచిన దారినే మళ్ళీ తొక్కలేదు. గిటార్ల మోత, గొడవ, కొత్త ప్రయోగాలు చేశారు. బృందంలో తొలినుంచీ ఉండి, మత్తుకు అలవాటుపడి దూరమైన మాలిక్ బి మీద 'వాటర్' అని పది నిమిషాల పాట కట్టారు. స్నేహితుడి పతనాన్ని అమ్ముకోలేదు, ఏడుస్తూ పిలిచారు. ఆయన 2020లో చనిపోయాడు, ఆ పిలుపు మాత్రం రికార్డులో నిలిచి ఉంది. ఇక 'థింగ్స్ ఫాల్ అపార్ట్' విడుదలైన ఏడాదే గోల్డ్ అయింది, పది లక్షల ప్రతుల ప్లాటినం గుర్తింపు 2013లో వచ్చింది. పద్నాలుగేళ్ళు పట్టింది. నిజమైన పాట నడక అలా ఉంటుంది. మొదటి వారం ఎంతమంది చూశారని ఫోన్ తీసి తీసి చూసుకునే పిల్లలు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక మీరు చేయాల్సింది చెబుతాను. ఒక్కో పాటను విడిగా వదిలేయకుండా, మన పడమటి ప్రకాశం మీద పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్ కట్టండి. కంభం చెరువు, గుండ్లకమ్మ, నల్లమల అంచు తండాలు, పలకల గనుల్లో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, గుంటూరు రైలెక్కి పనులకు పోయే కుటుంబాలు, పండక్కి తిరిగొచ్చి తలుపు తీసిన ఇల్లు, వీటన్నిటికీ అందులో చోటుండాలి. మార్కాపురం కుర్రవాడు రాస్తే గిద్దలూరు అమ్మాయి పాడాలి, యర్రగొండపాలెం డప్పు మోగాలి. చెంచు పెద్ద ఒకరి గొంతు ఆయన అనుమతితో, ఆయన పేరుతో ఉండాలి. పూర్తయ్యాక ముందుగా కంపెనీలకు పంపకండి. ట్యాంకరు మీద రాసిన పాటను ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడే ఆడవాళ్ళకు వినిపించండి. "ఇది మా మాటే" అని వాళ్ళంటే పాట పాసయినట్టు. "ఇట్ల గాదు నాయనా" అంటే కూర్చుని దిద్దుకోండి. ఆ తర్వాత సినిమా వాళ్ళు పిలిస్తే తలెత్తుకుని పోండి, పిలవకపోతే ఇంకో పాట రాయండి.